వెంట్రుకలు ఒక మూట, పుస్తకం ఒకటి

జైల్లో పనిచేశానని తెలిస్తే చాలు, జనం రెండే అడుగుతారు. ఎవరైనా గోడ దూకి పారిపోయారా? ఎప్పుడైనా ఉరి చూశారా? పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళ దగ్గర్నుంచి రైల్లో ఎదురు సీటువాళ్ళ దాకా అందరిదీ ఇదే వరస. నా సర్వీసంతటిలో గోడ దూకినవాడు ఒక్కడూ లేడు, ఉరి నేను చూడలేదు. నేను చూసింది ఒక మనిషి తల వెంట్రుకలు చెత్తబుట్టలో పడడం. కత్తిరించమని చెప్పింది నేనే.

శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి "సార్, మీ అనుభవం చెప్పండి" అంటారు. ప్రమోషన్లు, బదిలీలు, ఎవరు ఎవరికి ఫిర్యాదు రాశారు అనే కథలు చెప్పడానికి నాకే విసుగు. ఈ ఒక్క సంగతి చెప్తాను. కోపంగానే చెప్తాను. రిటైరై తిరుపతిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నా ఆ కోపం తగ్గలేదు, అందులో సగం నా మీదే.

పెద్దసారు గుండు

చిత్తూరు వైపు ఒక సబ్ జైలు. పేరు అనవసరం. నేనక్కడ డిప్యూటీ జైలరును. నా పైన సూపరింటెండెంటు, ఆయన్ని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. భక్తిపరుడు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. ఏటా మెట్లెక్కి కొండకు పోయేవాడు. ఆ ఏడు కూతురి ఉద్యోగం కోసం మొక్కుకున్నాడట. ఉద్యోగం వచ్చింది. సారు గుండు కొట్టించుకుని, నెత్తికి గంధం పూసుకుని, రెండు సంచుల లడ్లతో డ్యూటీకి వచ్చాడు.

బ్యారక్‌లోని ఖైదీలందర్నీ ఆవరణలో వరసగా నిలబెట్టి తన చేత్తో తలా ఒక ముక్క పెట్టుకుంటూ వచ్చాడు. దేవదానం అనేవాడి దగ్గర చెయ్యి ఆగింది. దేవదానం ఏర్పేడు దగ్గర పల్లెవాడు, లారీ డ్రైవరు. బండిలో ఎర్రచందనం దొరికిందని కేసు. లోడు ఏమిటో తనకు తెలియదంటాడు. అది కోర్టు చూసుకుంటుంది. జామీను నిలిచే దిక్కు లేక నెలల తరబడి మా దగ్గరే ఉన్నాడు. పొద్దున్నే ఆవరణ, ఆఫీసు గదులు ఊడ్చే పని అతనిది. చర్చికి పోయే కుటుంబం.

చేతులు జోడించి అన్నాడు: "వద్దు సార్. తప్పుగా అనుకోవద్దండి. మేం తినం."

"ఏం, చేదా నీకు?"

"చేదని కాదు సార్. మా ఇంట్లో అలవాటు లేదు. మీరు తెచ్చినందుకు వందనాలు."

"జైలు కూడు తింటావు గానీ సామి ప్రసాదం తినవా? ఎంత పొగరు రా నీకు!"

పొగరేమీ లేదు. తలొంచుకుని నిలబడ్డాడు, అంతే. కానీ నూరుమంది ఖైదీల ముందర ఒకడు వద్దన్నాడు గదా, సారుకు అది మింగుడు పడలేదు. తాను పెట్టింది దేవుడి ప్రసాదం అనుకున్నాడు ఆయన. నన్నడిగితే ఆ క్షణంలో పెట్టింది ఆర్డరు.

మర్నాడు పొద్దున నన్ను పిలిచాడు. "ఆ డ్రైవరు దగ్గర లావు పుస్తకం ఉండాదంట గదా. లోపల మతప్రచారం చేస్తా ఉండాడు. తీసి పెట్టండి."

ప్రచారమా! నేను రోజూ చూసేవాణ్ణి. సాయంత్రం లాకప్పుకు ముందు గోడ వారగా కూర్చుని, పెదాలు కదుపుతూ ఒక పేజీ చదువుకునేవాడు. పక్కవాడికి కూడా వినపడేది కాదు. ఖైదీ తన మతగ్రంథం దగ్గర పెట్టుకోవచ్చని మా రూల్సు పుస్తకంలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ "సరే సార్" అన్నాను. సారుతో గొడవెందుకులే అనుకున్నాను. ఈ 'ఎందుకులే' అనే మాటతో మా ఉద్యోగాల్లో జరిగినంత అన్యాయం లాఠీతో కూడా జరగలేదు.

పుస్తకం చుట్టిన తెల్లగుడ్డ విప్పి అతనికే ఇచ్చేశాను. పుస్తకాన్ని సొత్తు రిజిస్టరులో రాసి నా కుర్చీ వెనకున్న బీరువాలో పెట్టాను. ఖైదీ లోపలికి వచ్చేటప్పుడు అతని దగ్గరున్న చెప్పులు, బెల్టు, ఫోను అన్నీ ఆ రిజిస్టరులో రాసి వేలిముద్ర వేయించుకుంటాం. ఒకసారి రాశామంటే దాన్ని పారేసే అధికారం ఎవరికీ లేదు, అతను సంతకం చేసి తీసుకునేదాకా అది భద్రంగా ఉండాలి. "పుస్తకం ఒకటి" అని రాశాను. ఏ పుస్తకమో రాయలేదు. ఆ మాత్రం సిగ్గు ఉంది నాకు.

సుబ్బన్న వద్దన్నాడు

ఆ వారమే ఐరాల దగ్గరి పల్లె నుంచి మునిరత్నం అనే రైతు రిమాండుకు వచ్చాడు. దాయాదులతో బోరు నీళ్ళ దగ్గర తగాదా, అవతలివాడి తల పగిలింది. మునిరత్నం జుట్టు భుజాల దాకా ఉంది. నూనె పెట్టి, దువ్వి, ముడి వేసుకున్నాడు. గడ్డం రొమ్ము మీదికి దిగింది.

అదే సమయంలో పైనుంచి ఒక అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు. పెద్దసారు హడావుడి పడిపోయాడు. "అందరికీ క్రాపు చేయించండి. జడలూ గిడలూ నా కంటికి కనపడకూడదు. పేలు పడతాయి" అన్నాడు. నిజమే, బ్యారక్‌లో ఒకడికి పేలు పడితే పదిమందికీ పడతాయి. మునిరత్నం తలలో పేలున్నాయా అని మాత్రం ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

క్షవరానికి టౌను నుంచి సుబ్బన్న అనే పెద్దాయన వచ్చేవాడు. మునిరత్నాన్ని ముక్కాలి పీట మీద కూర్చోబెట్టగానే అతను సుబ్బన్న చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాడు. సుబ్బన్న కత్తెర కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"సామీ, ఇది మొక్కెంటిక. కొండాయనకు ఇస్తానని పెంచినాడు. నేను కత్తెర పెట్టను."

మునిరత్నం వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. వాడి కూతురికి ఐదేళ్ళు. ట్రాక్టరు మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఎముక అతికింది గానీ పిల్ల భయంతో కాలు కింద పెట్టదు. పాప నడిస్తే కొండకు పోయి తలనీలాలు ఇస్తాను, అంతవరకు తలకు కత్తెర తగలనివ్వను అని మొక్కుకున్నాడు. ఏడాది గడిచాక పిల్ల లేచి నడిచింది. కొండకు పోవడానికి రోజు కూడా అనుకున్నారు. నాలుగు రోజుల ముందు పోలీసులు పట్టుకొచ్చారు.

"ఇది నాది కాదు సామీ, ఆయనది. నేను దాచిపెట్టుకోనుండానంతే. మీరు తీసేస్తే మాట తప్పినోన్ని అవతా. పాప కాలుకేమైనా అయితే నేను బతకను."

నేనేమన్నానో వినండి. "దేవుడికి తెలీదా అబ్బా నువ్వు జైల్లో ఉన్నావని? ఆయనేం అనుకోడులే."

ఆయనేం అనుకోడట! నాకెవరు చెప్పారు? నేను పుట్టి పెరిగింది ఈ జిల్లాలో. మా అమ్మ నాకు చిన్నప్పుడు జ్వరం వస్తే పసుపుగుడ్డలో ముడుపు కట్టి, అది కొండకు చేరేదాకా ఇంట్లో ఎవర్నీ దాని మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. నేను తెలియక చేశాననుకోవద్దు. ఖాకీ వేసుకున్నాక నాకు తెలిసిందంతా గేటు బయట పెట్టి వచ్చినట్టున్నాను. రిమాండులో ఉన్నవాడి జుట్టు, డాక్టరు రాసిస్తే తప్ప, అతని ఇష్టం లేకుండా తీయకూడదనే రూలు కూడా నాకు కంఠతా వచ్చు. నేరం రుజువు కాని మనిషి వాడు. ఆ రూల్సు పుస్తకం కూడా నా బీరువాలోనే, దేవదానం పుస్తకం పక్కనే ఉంది.

సుబ్బన్నను "చేస్తావా, ఇంకొకణ్ణి పిలవమంటావా?" అని గద్దించాను. ముసలాయన ఆవరణలో నిలబడి కొండ ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టాడు. "ఈ పాపం నాది కాదు సామీ" అన్నాడు. నాతో అన్నాడో, దేవుడితో అన్నాడో తెలియదు. కత్తిరించేంతసేపూ మునిరత్నం కళ్ళు మూసుకునే ఉన్నాడు. కిటికీలో నుంచి పెద్దసారు ఇదంతా చూస్తున్నాడు. ఆయన గుండు మీద గంధం ఇంకా పూర్తిగా పోలేదు.

అదే నాకు ఈనాటికీ ఒళ్ళు మండే విషయం. కూతురి ఉద్యోగం కోసం ఆయన ఇచ్చినవి తలనీలాలు. కూతురి కాలు కోసం వీడు పెంచింది పేలు పట్టే జుట్టు! ఒకే దేవుడు, ఒకే మొక్కు, కూతురి మీద ఒకే రకం ప్రేమ. తేడా తాళం ఎవరి చేతిలో ఉందనేదే. తాళం చేతిలో ఉన్నవాడి భక్తికి సెలవు కూడా మంజూరవుతుంది.

సుబ్బన్న ఆ తర్వాత మా జైలుకు మళ్ళీ రాలేదు.

కిటికీకి అవతల చెంగమ్మ

ములాఖత్ రోజు మునిరత్నం భార్య చెంగమ్మ వచ్చింది. బిడ్డ చంకలో ఉంది. జాలీకి ఇవతల మొగుడి తల చూసింది. "యాడ పెట్టినారు ఎంటికలు?" అని అడిగింది.

"ఊడ్చేసినారు" అన్నాడు మునిరత్నం.

ఆమె నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఏం సార్, మీకు పిలకాయలు లేరా?" అంది, అంతే.

వారం తర్వాత మళ్ళీ వచ్చింది. బిడ్డ మళ్ళీ చంకలోనే. నడిచే పిల్లను ఎందుకు మోస్తున్నావమ్మా అని అడిగాను.

"మొక్కు తీరేదాకా నేల మీద దించను సార్. నడిపించినందుకు ఇస్తామన్నది ఇయ్యకపోతిమి. ఇంక ఏ మొగం పెట్టుకోని నడిపిచ్చేది? ఈ పిల్ల అడుగు తీసి అడుగేస్తే నాకు గుండె దడ."

పిల్ల దిగుతానని కాళ్ళు కొట్టుకుంటోంది. తల్లి బిగించి పట్టుకుంది. ఏడాదిపాటు మంచంలో ఉండి ఇప్పుడిప్పుడే నడక నేర్చిన బిడ్డను మళ్ళీ చంకెక్కించింది ఎవరు? మూఢనమ్మకం అని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోండి. మీ ఇంట్లో కూర్చుని అనుకోండి. యూనిఫాం వేసుకుని ఇంకొకడి నమ్మకం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి మనకు జీతం ఇవ్వరు.

మూట

ఇంకో పది రోజులకు బ్యారక్‌లో సోదా పెట్టాం. దేవదానం పరుపుచాప కింద తెల్లగుడ్డలో కట్టిన మూట దొరికింది. వార్డరు దాన్ని ఎత్తి పట్టుకుని "గంజాయి సార్!" అని అరిచాడు. పెద్దసారు కూడా అక్కడే ఉన్నాడు. విప్పి చూస్తే వెంట్రుకలు. నూనె వాసన ఇంకా ఉంది.

"ఇదేందిరా?" అన్నాను.

"ఆ ఐరాల అబ్బది సార్. ఊడస్తా ఉంటే చెత్తబుట్టలో కనిపించినాయి. మొక్కంట గదా, పారేస్తారా ఎవరైనా? ఏరి కట్టి పెట్టినా. ఆయప్ప పోయేటప్పుడు ఇద్దామని."

"నువ్వు చర్చికి పోయేవాడివి. నీకెందుకు రా ఇది?" అన్నాడు పెద్దసారు.

దేవదానం మెల్లగా అన్నాడు: "నా పుస్తకం మీరు ఎత్తి పెట్టినారు గదా సార్. దేవుని సొమ్ము చేతిలో నుంచి పెరుక్కుంటే ఎట్లుంటాదో నాకు తెలుసు."

ఆ గుడ్డ నేను విప్పి ఇచ్చిన గుడ్డే. పుస్తకం చుట్టుకున్న గుడ్డలో ఇంకొకడి దేవుడి వెంట్రుకలు దాచాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పెద్దసారు మాత్రం "దరిద్రం, తీసుకెళ్ళి తగలబెట్టండి" అన్నాడు.

"కుదరదు సార్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యం. "ఇది ఖైదీ సొత్తు. రిజిస్టరులో రాస్తాను."

"వెంట్రుకలు సొత్తా? ఏమప్పా, మతి పోయిందా నీకు?"

"తీసింది మనమే సార్. ఎవరివో మనకు తెలుసు. ఎవరిదో తెలిసిన వస్తువు తగలబెట్టమని మీరు కాగితం మీద రాసివ్వండి, అట్లే చేస్తాను."

రాసివ్వలేదు. ఎవడూ రాసివ్వడు. ఇట్లాంటి ఆర్డర్లన్నీ నోటితోనే వస్తాయి, అది గుర్తు పెట్టుకోండి. రాసివ్వమని అడగడం తప్పు కాదు. అడిగినందుకు ఆయన నాతో చాలాకాలం మాట్లాడలేదు. కొంపలేమీ మునగలేదు. మొదటిరోజే, కత్తెర పడకముందే అడిగి ఉంటే ఎంత బాగుండేది!

మునిరత్నాన్ని పిలిపించి రిజిస్టరులో అతని పేరు కింద ఇంకో వరస చేర్చాను. వెంట్రుకలు, ఒక మూట. అతను వేలిముద్ర వేశాడు. మూట మీద చెయ్యి పెట్టి చూసుకుని "ఇదే సామీ, ఇదే" అన్నాడు. బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రోజు నా గురించి నేను చాలా గొప్పగా అనుకున్నాను.

శనక్కాయలు

కొన్ని వారాలకు మునిరత్నానికి బెయిలు వచ్చింది. గేటు దగ్గర రిజిస్టరు చదివి ఇచ్చాను. చెప్పులు ఒక జత, తువ్వాలు ఒకటి, వెంట్రుకలు ఒక మూట. మూట కళ్ళకద్దుకుని, చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్ళిపోయాడు.

వారం పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం గేటు వార్డరు వచ్చి ఎవరో మీకోసం వచ్చారన్నాడు. బయటికి వెళ్ళి చూస్తే మునిరత్నం, చెంగమ్మ. మునిరత్నం గుండు మెరిసిపోతోంది. చెంగమ్మ చంక ఖాళీగా ఉంది. పిల్ల మా గేటు ముందర ఇసుకలో అటూ ఇటూ పరుగులు తీస్తోంది. కాలు కొంచెం ఈడుస్తోంది, అయినా పరుగే.

"తీరిపోయింది సామీ" అన్నాడు మునిరత్నం. "కల్యాణకట్టలో గుండు చేసే ఆయన అడిగినాడు, ఈ మూటేందబ్బా అని. జరిగింది చెప్పినా. ఆయనేమీ అనలా. తలమీద ఉండేది గొరిగి, మూటలోవి కూడా దాంట్లో కలిపేసినాడు. పాపను గుడి ముందరే నేల మీద దించినాం."

నాకో లడ్డు ఇచ్చాడు. తర్వాత చెంగమ్మ సంచిలోంచి ఇంకో పొట్లం తీసింది. ఉడకబెట్టిన శనక్కాయలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"ఇవి ఆ డ్రైవరన్నకు సామీ. ఆయన ప్రసాదం తినడు గదా. అందుకని దేవునికాడ పెట్టకుండా, మా సేన్లో పెరికి, ఉడకేసి నేరుగా తెచ్చినాం. ఏ దేవునికీ సూపీలేదని చెప్పండి. తింటాడు."

నేను పొట్లం పట్టుకుని నిలబడ్డాను. బడి మెట్లెక్కని ఇద్దరు మనుషులు. వాళ్ళకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, సర్క్యులర్లు పంపలేదు. ఒకడి దేవుణ్ణి ఇంకొకడు ఎట్లా గౌరవించాలో మా ఆఫీసు మొత్తానికి చేతకానిది వాళ్ళకు చేతనైంది.

"అవునూ, ఆ అన్న పుస్తకం ఆయనకు ఇచ్చినారా సామీ?" అని అడిగాడు మునిరత్నం.

"ఇస్తాంలే" అన్నాను.

"ఇస్తాంలే అంటే ఇయ్యలేదనే గదా" అంది చెంగమ్మ.

ఇవ్వలేదు. వెంట్రుకల మూట కోసం పెద్దసారుతో ఢీకొన్నవాణ్ణి, అదే బీరువాలో, అదే అరలో దాని పక్కనున్న పుస్తకం సంగతి తలవనైనా లేదు. ఎందుకో మీకు చెప్పాలా? ఆ మొక్కు నాకు అర్థమయ్యే మొక్కు. మా అమ్మ కట్టిన ముడుపు లాంటిది. పుస్తకం నాది కాదు, అందుకని అది ఎన్నాళ్ళున్నా నాకు ముల్లులా గుచ్చుకోలేదు. పెద్దసారు మీద ఇంతసేపూ మండిపడ్డాను గదా, మా ఇద్దరికీ తేడా అంతే.

లోపలికి వెళ్ళి, ఎవర్నీ అడగకుండా బీరువా తెరిచి, పుస్తకం తీసి, పొట్లంతో పాటు బ్యారక్‌కు నేనే తీసుకుపోయాను. దేవదానం పుస్తకం అందుకుని మొదటి పేజీ తెరిచాడు. అందులో అతని ముగ్గురు పిల్లలు పుట్టిన తేదీలు రాసున్నాయి. ఒక్కో పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

"యాడుండె సార్ ఇన్నాళ్ళూ?"

"నా బీరువాలో."

"మీ కుర్చీ ఎనకాల బీరువానా?" అన్నాడు. "నేను రోజూ పొద్దున ఊడ్చేది దాని ముందరే గదా సార్!"

పొట్లం ఇచ్చి, ఎవరు పంపారో, ఏమని చెప్పమన్నారో చెప్పాను. ఏ దేవుడికీ చూపించలేదన్న మాట వినగానే దేవదానం నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. పొట్లం విప్పి, గుప్పెడు కాయలు తీసి నా వైపు చెయ్యి చాపబోయి ఆగాడు.

"మీరు తింటారా సార్?" అని అడిగాడు.

అడిగాడు, చూడండి. రెండు సంచుల లడ్లు పంచిన రోజున మాలో ఒక్కడికీ ఆ మాట నోటికి రాలేదు.